టర్బో, హైబ్రిడ్: చిన్న స్పోర్ట్స్ కారు చెప్పే శక్తి పాఠం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ఏర్పాటైన విజ్ఞాన సభలోని ప్రసంగ పాఠం)



ఇటువంటి శుభ సందర్భంలో స్పోర్ట్స్ కార్ల ప్రస్తావన ఏమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. విజ్ఞానశాస్త్రం పాఠ్యపుస్తకాల పుటలకే పరిమితమైనది కాదు. తరగతి గదిలో నల్లబల్ల మీద రాసే శక్తి నిత్యత్వ సూత్రమే వీధిలో పరుగెత్తే ప్రతి వాహనాన్నీ శాసిస్తుంది. పైగా హోసూరు, చెన్నై, బెంగుళూరు వంటి వాహన పరిశ్రమల కేంద్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల బిడ్డలకు ఇంజను పరాయి వస్తువు కాదు. కనుక ఒక ప్రశ్నను ఈ సభ ముందుంచడం సముచితం. సామాన్య ఉద్యోగి కొనగలిగిన స్పోర్ట్స్ కారుకు బలం చేకూర్చడానికి టర్బో మేలా, హైబ్రిడ్ మేలా?

కూపే అంటే రెండు పక్క తలుపులు, వెనుకకు వాలిన కప్పు, ముందు ఇద్దరికి సుఖమైన చోటు ఉన్న కారు. వెనుక సీటు ఉన్నా అది చిన్నపిల్లలకు మాత్రమే చాలుతుంది. భారతదేశపు రోడ్ల మీద ఇవి అరుదు. అమెరికాలో, జపాన్‌లో, ఐరోపాలో మాత్రం తొలి ఉద్యోగంలో చేరిన యువతీ యువకులు సైతం కొనుక్కోగల చిన్న కూపేలు చాలా కాలం ఉండేవి. కోటీశ్వరుల కార్లకు లేని చిక్కు ఒకటి వీటికి ఉన్నది. పెద్ద ఇంజను పెడితే ధర పెరుగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, కాలుష్య నియమాలు అడ్డు వస్తాయి. చిన్న ఇంజను పెడితే పికప్ చాలదు. ఈ చిక్కును విడదీయడానికి ఇంజనీర్లు అనుసరించిన రెండు ప్రధాన మార్గాలే టర్బో, హైబ్రిడ్.

రెండింటి మూలం ఒక్కటే. పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో చక్రాలను తిప్పే పనికి అక్కరకు వచ్చేది స్థూలంగా మూడో వంతు, తరచుగా అంతకన్న తక్కువ. దాదాపు మరో మూడో వంతు వేడి పొగతో కలిసి సైలెన్సర్ గొట్టం గుండా బయటికి పోతుంది. మిగిలినదానిలో చాలా భాగం రేడియేటర్ ద్వారా గాలిలో కలుస్తుంది. ఎంతో నష్టపోయి చక్రాలకు చేరిన ఆ కొద్ది శక్తి కూడా నిలవదు. డ్రైవరు బ్రేకు తొక్కిన ప్రతిసారీ కారు గమనశక్తి బ్రేకుల రాపిడిలో వేడిగా మారి నశిస్తుంది. పొగలో పోయే శక్తిని పట్టుకునేది టర్బో. బ్రేకులో పోయే శక్తిని పట్టుకునేది హైబ్రిడ్. వీటిని ఇంటిలో రెండు చోట్ల కారే నీటికి పట్టిన రెండు పాత్రలుగా భావించవచ్చు.

ముందుగా టర్బో వృత్తాంతం. స్విట్జర్లాండ్ దేశస్థుడైన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఇంజను నుండి వెలువడే వేడి పొగ మార్గంలో ఒక చిన్న చక్రాన్ని అమరుస్తారు. పొగ తాకిడికి అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అదే ఇరుసు రెండో కొనన ఉన్న మరొక చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగినంత ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. కనుక చిన్న ఇంజను అవసరమైన క్షణంలో పెద్ద ఇంజను వలె పనిచేస్తుంది. అవసరం లేనప్పుడు మళ్ళీ చిన్న ఇంజనుగానే మసలుకుంటుంది. భారతదేశంలో ఈ పరికరం ఎందరికో లారీల, బస్సుల డీజిల్ ఇంజనుల ద్వారానే పరిచయమైనది.

పెట్రోలు కార్లలో దీని ప్రవేశం సుఖంగా సాగలేదు. 1962లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వెయిర్ మోంజా స్పైడర్ అనే రెండు టర్బో కార్లను విడుదల చేసింది. ఒత్తిపట్టిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు మిశ్రమం సకాలానికి ముందే తనంతట తాను అంటుకొని ఇంజనులో టకటక శబ్దం పుడుతుంది. మెకానిక్కులు దీనినే నాకింగ్ అంటారు. దీని నివారణకై జెట్‌ఫైర్‌లో నీరు, మిథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని ఒక ప్రత్యేకమైన తొట్టిలో నింపుతూ ఉండవలసి వచ్చేది. చాలామంది యజమానులు నింపడం మరచిపోయారు. తొట్టి ఖాళీ అయితే టర్బో బలం అందదు. 1963తో ఆ కారు కథ ముగిసింది. పరికరం గొప్పదైనా, దానిని వాడే మనిషి అలవాట్లను లెక్కలోకి తీసుకోని రచన నిలవదని ఆ కారు నిరూపించింది.

1973లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ 170 అశ్వశక్తి గల 2002 టర్బోను ప్రదర్శించింది. అదే సంవత్సరం చమురు సంక్షోభం వచ్చిపడింది. మొత్తం 1,672 కార్లతో దాని నిర్మాణం ఆగిపోయింది. అందులో మరొక లోపం కూడా ఉండేది. యాక్సిలరేటర్ తొక్కిన తరువాత పొగ ఒత్తిడి పెరిగి టర్బో పుంజుకునేదాకా కొంత వ్యవధి పట్టేది. ఆపైన బలం ఒక్కసారిగా విరుచుకుపడేది. 1977లో స్వీడన్‌కు చెందిన సాబ్ సంస్థ 99 టర్బో కారులో దీనికి మంచి పరిష్కారం చూపింది. తక్కువ వేగంలోనే పుంజుకునే చిన్న టర్బోను పెట్టి, మితిమీరిన పొగను పక్కదారి పట్టించే కవాటాన్ని అమర్చింది. తరువాతి దశాబ్దాలలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పెట్రోలును నేరుగా సిలిండరు లోపలే చిమ్మే పద్ధతి, కంప్యూటర్ నియంత్రణ వాడుకలోకి వచ్చి నాకింగ్‌ను, జాప్యాన్ని చాలావరకు అదుపు చేశాయి. ఆ విధంగా టర్బో సామాన్యుని కారుకు తగిన సాధనంగా పరిణతి పొందింది.

ఇక హైబ్రిడ్ వృత్తాంతం. ఇదీ కొత్త ఊహ కాదు. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు ఇంజనుతో విద్యుత్తు పుట్టించి, చక్రాలలో ఉన్న మోటార్లను నడిపే బండిని నిర్మించాడు. అయితే బరువైన బ్యాటరీలు, సరైన నియంత్రణ లేకపోవడం వలన ఆ మార్గం దాదాపు శతాబ్దం పాటు మూతపడింది. 1997 డిసెంబరులో జపాన్‌లో టొయోటా ప్రియస్, 1999లో హోండా ఇన్‌సైట్ దానిని తిరిగి తెరిచాయి. ఇందులో విద్యుత్ మోటారు రెండు విధుల ఉద్యోగి వంటిది. వేగం పెంచేటప్పుడు ఇంజనుకు తోడుగా చక్రాలను తిప్పుతుంది. వేగం తగ్గించేటప్పుడు డైనమోగా మారి బ్యాటరీని నింపుతుంది. మోటారుకు ఉన్న సహజ గుణం మరొకటి గమనింపదగినది. తిరగడం మొదలుపెట్టిన క్షణం నుండే అది పూర్తి బలం ఇస్తుంది. టర్బోకు ఉన్న జాప్యం దానికి లేదు. కాబట్టి స్పోర్ట్స్ కారుకు అది చక్కగా సరిపోవాలి. సిద్ధాంతం ఇంతవరకు నిర్దుష్టమే.

ఈ సిద్ధాంతాన్ని నమ్మి 2010 ఫిబ్రవరిలో హోండా సంస్థ జపాన్‌లో సి.ఆర్.-జెడ్ అనే చిన్న హైబ్రిడ్ కూపేను విడుదల చేసింది. దాని రూపం 1983లో అదే సంస్థ తెచ్చిన సి.ఆర్.-ఎక్స్ అనే తేలికపాటి కూపేను గుర్తుకు తెచ్చేది. 1.5 లీటర్ల ఇంజను, ఇంజనుకు గేరుపెట్టెకు నడుమ పలుచని పళ్ళెం వంటి 10 కిలోవాట్ల మోటారు, ఆరు గేర్లను చేతితో మార్చే పద్ధతి. అమెరికాలో దాని మొత్తం బలం 122 అశ్వశక్తి, ప్రారంభ ధర 19,200 డాలర్లు. జపాన్‌లో ఆ సంవత్సరపు ఉత్తమ కారుగా పురస్కారం కూడా లభించింది. అయినా కొనుగోలుదారులు క్రమంగా దూరమయ్యారు. 2016తో దాని నిర్మాణం ముగిసిపోయింది.

కారణం తెలుసుకోవడానికి ఉన్నత పాఠశాల గణితం చాలు. ఆ కారు బరువు దాదాపు 1,200 కిలోగ్రాములు. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 16.7 మీటర్లు. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి అందులో సగం తీసుకుంటే గమనశక్తి సుమారు 1,67,000 జౌళ్లు. కూడలిలో ఎర్రదీపం చూసి డ్రైవరు 5 సెకన్లలో కారును నిలిపాడనుకుందాం. 10 కిలోవాట్ల మోటారు సెకనుకు 10,000 జౌళ్లకు మించి స్వీకరించలేదు. అంటే 5 సెకన్లలో అత్యధికంగా 50,000 జౌళ్లు. తక్కిన రెండు వంతుల పైచిలుకు శక్తి ఎప్పటి వలెనే బ్రేకులలో వేడిగా నశించిపోతుంది. పాత్ర ఉన్నది గాని దాని మూతి ఇరుకు.

ఖర్చు వైపు చూసినా ఇదే స్థితి. ఆ కారు బ్యాటరీలో పట్టే విద్యుత్తు ఇంటి కరెంటు బిల్లు లెక్కలో అర యూనిట్టుకు కొంచెం ఎక్కువ. మోటారు పూర్తి బలంతో పనిచేస్తే, బ్యాటరీని అడుగంటా వాడినా, నాలుగు నిమిషాలలోపే అది ఖాళీ అవుతుంది. పొడవైన కొండదారిలో ఉత్సాహంగా నడిపే మనిషికి బలం ఎంతో అవసరమైన వేళకు బ్యాటరీ అలసిపోతుంది. అప్పుడు మిగిలేది ఒక చిన్న ఇంజను, దాని మీద బ్యాటరీ బరువు. 2012లో హోండా సంస్థ మెరుగైన లిథియం అయాన్ బ్యాటరీని, 15 కిలోవాట్ల మోటారును అమర్చింది. అమెరికాలో బలం 130 అశ్వశక్తికి పెరిగింది. కాని అప్పటికే పోటీ మరొక మెట్టు ఎక్కింది.

ఆ పోటీ టర్బో రూపంలో వచ్చింది. ఒకవైపు ఒకటి, మరొకవైపు రెండు తలుపులు గల వింత కూపే అయిన హ్యుందాయ్ వెలోస్టర్‌కు 2012లో 1.6 లీటర్ల టర్బో ఇంజను లభించింది. బలం 201 అశ్వశక్తి, ధర 21,950 డాలర్లతో ప్రారంభం. సి.ఆర్.-జెడ్ ధరకు మరి కొంత చేర్చితే అంతకు ఒకటిన్నర రెట్లకు మించిన బలం చేతికందింది. ఇంకా ఆలోచింపదగిన విషయం హోండా సంస్థ సొంత ఇంటిలోనే జరిగింది. 2017లో ఆ సంస్థ సివిక్ ఎస్.ఐ. కూపేకు 1.5 లీటర్ల టర్బో ఇంజనును అమర్చింది. బలం 205 అశ్వశక్తి. అమెరికా ప్రభుత్వ పరీక్షలలో నగరం, రహదారి కలిపిన సగటు మైలేజీ లీటరుకు 13.6 కిలోమీటర్లు. చేతి గేర్ల సి.ఆర్.-జెడ్ పొందిన సగటు సుమారు 14.5 కిలోమీటర్లు. ఈ రెండు కార్ల నడుమ కొన్నేళ్ల అంతరం ఉన్న మాట వాస్తవమే. అయినా లీటరుకు ఒక్క కిలోమీటరు లాభం కోసం 80 అశ్వశక్తుల లోటును సహించమంటే స్పోర్ట్స్ కారు కోరే కొనుగోలుదారు అంగీకరించడు. మొదటి పందెంలో టర్బో స్పష్టంగా నెగ్గింది.

అయితే దీనితో హైబ్రిడ్ మార్గమే తప్పని నిర్ణయించడం తొందరపాటు. 1978లో పుట్టి 2001లో ఆగిపోయిన ప్రెల్యూడ్ అనే కూపేను హోండా సంస్థ 2025 సెప్టెంబరులో జపాన్‌లో హైబ్రిడ్‌గా పునరుద్ధరించింది. ఇందులో మోటారుకు దక్కిన స్థానం వేరు. 2 లీటర్ల ఇంజను చాలా సమయం విద్యుత్తు పుట్టించే పనిలో ఉంటుంది. చక్రాలను ప్రధానంగా తిప్పేది 135 కిలోవాట్ల మోటారు. 2022లో భారతదేశ విపణికి వచ్చిన సిటీ హైబ్రిడ్ కారులో ఉన్నదీ ఈ కుటుంబానికి చెందిన రెండు మోటార్ల పద్ధతే. అమెరికాలో ప్రెల్యూడ్ బలం 200 అశ్వశక్తి, సగటు మైలేజీ లీటరుకు సుమారు 18.7 కిలోమీటర్లు. సి.ఆర్.-జెడ్ మోటారు ఒక సహాయకుడు. ప్రెల్యూడ్ మోటారు బాధ్యత వహించే ఉద్యోగి. బ్రేకు తొక్కినప్పుడు, బ్యాటరీ స్వీకరించగలిగిన మేరకు, అది చాలా ఎక్కువ శక్తిని తిరిగి రాబట్టగలదు.

ప్రెల్యూడ్ కారుకు ముందు చక్రాల సస్పెన్షన్ అమరికను అందించినది అదే సంస్థ నిర్మించే సివిక్ టైప్ ఆర్ అనే టర్బో కారు. ఆ టర్బో కారు అమెరికాలో 315 అశ్వశక్తి ఇస్తుంది, లీటరుకు సుమారు 10.2 కిలోమీటర్లు నడుస్తుంది. దానికి చేతితో మార్చే గేర్లు ఉన్నాయి. ప్రెల్యూడ్‌కు లేవు. గేర్లు మారుతున్న అనుభూతిని కంప్యూటర్ కల్పిస్తుంది. పందెపు బాటలో టర్బోకు తిరుగులేదు. రోజూ కార్యాలయానికి వెళ్లివచ్చే నగర రద్దీలో హైబ్రిడ్‌కు సాటి లేదు. ఆగుతూ సాగుతూ పోయే దారిలో బ్రేకు శక్తి అడుగడుగునా లభిస్తుంది. ఆగకుండా సాగే రహదారిలో అది అంతగా లభించదు. ఎత్తైన కొండల మీద గాలి పలుచబడినా, ఒత్తిపట్టి అందించే టర్బో ఇంజనుకు ఊపిరి అంతగా తగ్గదు.

అసలు ప్రశ్నలోని ‘సామాన్యుడు కొనగలిగిన’ అనే మాటను ఇక్కడ విస్మరించరాదు. ప్రెల్యూడ్ ధర జపాన్‌లో 61,79,800 యెన్లు, అమెరికాలో 42,000 డాలర్లతో ప్రారంభం. ఇంజను, రెండు మోటార్లు, బ్యాటరీ, వాటిని నియంత్రించే పరికరాలు కలిస్తే ఖర్చు తప్పదు. కొత్త ఉద్యోగి ఆ ధరను చూసి నిట్టూర్చక తప్పదు. ఈ సందర్భంలో మూడో మార్గం ఒకటి పేర్కొనదగినది. టొయోటా, సుబారు సంస్థలు కలిసి 2012లో తెచ్చిన జంట కూపేలలో టర్బో లేదు, హైబ్రిడ్ లేదు. వాటి తరువాతి తరంలో ఇంజను పరిమాణాన్ని 2 లీటర్ల నుండి 2.4 లీటర్లకు పెంచి 228 అశ్వశక్తిని సాధించారు. తేలికగా ఉండటం, యాక్సిలరేటర్‌కు తక్షణం స్పందించడం, ధరను అదుపులో ఉంచడం వారి లక్ష్యాలు. అవసరం లేని పరికరాన్ని వదులుకోవడం కూడా ఒక విధమైన ఇంజనీరింగే.

రెండు మార్గాలూ ఎక్కడా కలవవా అంటే, కలుస్తున్నాయి. 1977లో రెనో సంస్థ ఫార్ములా వన్ పందేలకు టర్బోను తెచ్చింది. 1988 తరువాత టర్బోను నిషేధించారు. 2014లో టర్బో, హైబ్రిడ్ రెండూ కలిసిన ఇంజనులతో అది తిరిగివచ్చింది. టర్బో ఇరుసుకే మోటారును కలిపి పొగ శక్తిని విద్యుత్తుగా మార్చే ఆ పరికరం జాప్యాన్ని దాదాపు తుడిచివేసింది. అయితే అది ఎంతో ఖరీదైనది, క్లిష్టమైనది. 2026 నియమాలలో దానిని తొలగించి, చక్రాలను తిప్పే విద్యుత్ మోటారు వాటాను మొత్తం బలంలో సగానికి చేరువ చేశారు. పోర్షే సంస్థ 2024లో తన 911 కారులో ఇటువంటి విద్యుత్ టర్బోను ప్రవేశపెట్టింది. అది సామాన్యుని ధరకు దిగివచ్చే రోజు ఇంకా రాలేదు.

వాహన వృత్తిలో ప్రవేశించే విద్యార్థులకు ఇందులో ప్రత్యక్ష ప్రయోజనం ఉన్నది. టర్బో ఇంజనును కాపాడేది శుభ్రమైన ఇంజన్ ఆయిలు. లక్షకు పైగా చుట్లు తిరిగే ఇరుసు ఆ ఆయిలు పొర మీదనే ఆధారపడుతుంది. ఆయిలు మార్చడంలో అశ్రద్ధ చేస్తే ముందుగా దెబ్బతినేవాటిలో ఆ ఇరుసు ఒకటి. హైబ్రిడ్ కారులో నారింజ రంగు తొడుగు గల తీగలు కనిపిస్తే వాటిలో ప్రాణాపాయం కలిగించే వోల్టేజీ ఉన్నదని గ్రహించాలి. తగిన శిక్షణ, రక్షణ చేతొడుగులు లేకుండా వాటిని తాకరాదు. స్పానర్ పట్టిన చేయి ఇకమీదట విద్యుత్తును కూడా చదవవలసి ఉంటుంది. ఐ.టి.ఐ.లో, పాలిటెక్నిక్‌లో చేరే పిల్లలు మెకానికల్, ఎలక్ట్రికల్ అనే గోడను మనసులో కట్టుకోకుండా ఉండటం మంచిది.

మొత్తం మీద తేలేది ఇది. టర్బో నెగ్గిన చోట అది తనకు అప్పగించిన పనిని సంపూర్ణంగా చేసింది. హైబ్రిడ్ ఓడిన చోట దానికి పని అప్పగించినవారే చాలినంత అప్పగించలేదు. 10 కిలోవాట్ల మోటారు బరువును ఇచ్చినంత స్పష్టంగా బలాన్ని ఇవ్వలేకపోయింది. 135 కిలోవాట్ల మోటారు బండిని తానే నడిపింది.

ఇంటిలో ఒక భాష, వీధిలో మరొక భాష, కొలువులో ఇంకొక భాషగా జీవించే కుటుంబాలకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. మాతృభాషను వారానికి ఒకటి రెండు పీరియడ్లకు కుదించి, అది బిడ్డకు బరువే గాని బలం కాలేదని బాధపడే తల్లిదండ్రులు అక్కడక్కడ ఉన్నారు. లోపం భాషలో లేదు, దానికి ఇచ్చిన వాటాలో ఉన్నది. లెక్కలు, విజ్ఞానం, ఆలోచన అనే నిజమైన పనిని దానికి అప్పగిస్తే అది ఇతర భాషలకు అడ్డు రాదు, వాటికి తోడై నడిపిస్తుంది. డెబ్బై ఐదేళ్లుగా ఈ పాఠశాల చేస్తున్న పని అదే. ఈ ప్రసంగంలోని లెక్క తెలుగు పలక మీద నేర్చినదే.